కొంగు లేని బట్ట

చెప్పులు గడప బయటే వదిలేయండి. తల కాస్త వంచండి, దర్వాజా పొట్టిది. ఎండలోంచి వచ్చిన కళ్లకు లోపల మొదట ఏమీ ఆనదు. కాసేపు చెవులకే పని. టక్కున నాడె వెళ్లి పెట్టెకు తగులుతుంది. వెంటనే దడ్‌మని పన్నె దిగుతుంది. ఆ తర్వాత నిశ్శబ్దం. రెండు మూడు ఊపిర్లంత సేపు ఏమీ వినబడదు. మగ్గం ఆగిపోయిందేమో అనుకుంటారు. మళ్లీ టక్కు, దడ్. మళ్లీ నిశ్శబ్దం.

సాదా బట్ట నేసే ఇంటి ముందు నుంచి వెళ్తే మగ్గం చప్పుడు ఒకే తీరుగా సాగుతుంది, మధ్యాహ్నం పూట నిద్ర కూడా పట్టిస్తుంది. చిటికి మగ్గం అలా కాదు, అది కుంటుతుంది. కళ్లు మూసుకుని ఈ వీధి చివరిదాకా నడిచినా ఏ ఇంట్లో సాదా నేస్తున్నారో, ఏ ఇంట్లో చిటికి నేస్తున్నారో చెప్పేయొచ్చు. ఊరి బయట జనం దీన్నే ఇక్కత్ అంటారు. అది మలయ్ భాషల నుంచి వచ్చిన మాట, కట్టడం అని అర్థం. ఇక్కడివాళ్లకు మాత్రం చిటికే.

మనం ఉన్నది కొయ్యలగూడెంలో, యాదాద్రి భువనగిరి జిల్లా చౌటుప్పల్ మండలం. చీరలకు పేరు మోసింది పోచంపల్లి. తేలియా రుమాలుకు పుట్టపాక. కొయ్యలగూడెం వంతుకు దుప్పట్లు, పరదాలు, గజాల లెక్కన అమ్ముకునే నూలు బట్ట, ఇదిగో ఈ టేబుల్ క్లాత్ వచ్చాయి. అన్నీ ఒంటికి చుట్టుకునేవి కావు, ఇంటికి తొడిగేవి. అందుకేనేమో పత్రికల రంగుల పేజీల్లో ఈ ఊరి పేరు అంతగా కనబడదు. పట్టుచీర పక్కన నూలు దుప్పటి ఎప్పుడూ పేదచుట్టమే.

ఇప్పుడు కళ్లు అలవాటు పడ్డాయి కదా, చూడండి. మగ్గం గదంతా ఆక్రమించుకుని ఉంది. పైకప్పులో ఒక పెంకు తీసి బిగించిన గాజుపలక నుంచి వెలుతురు సరిగ్గా పన్నె మీద పడుతోంది. నేతన్న నేల మీదే కూర్చున్నాడు, కాళ్లు మాత్రం మోకాళ్ల లోతు గుంతలో ఉన్నాయి. బనీను, లుంగీ, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు. చెయ్యి చాపి గుంత అంచు తాకండి. పడుగు మీద కాదు, ఇక్కడ, మట్టి మీద. చల్లగా లేదూ? ఆ చెమ్మే పోగును కాపాడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో వడగాడ్పు లోపలికి దూరితే నూలు పెళుసెక్కి పుటుక్కుమని తెగుతుంది. అప్పుడు గుంతలో నీళ్లు చల్లుకుంటారు, కిటికీకి తడిగోనె కడతారు. వానాకాలంలో బాధ మరోలా ఉంటుంది, ఊట ఎక్కి గుంత చిత్తడవుతుంది.

"కూసోండ్రి సార్, గా పీట మీద," అంటాడు తల ఎత్తకుండానే. చూపు తీస్తే వరస తప్పుతుంది.

మగ్గం మీద ఉన్నది 60 అంగుళాల పన్నా, 90 అంగుళాల పొడవు. ఆరుగురు కూర్చునే బల్లకు సరిపోయే గుడ్డ. నిజానికి అతను కాస్త ఎక్కువే నేస్తున్నాడు. మగ్గం దిగగానే బిగువు సడలి బట్ట కొంత ముడుచుకుంటుంది, మొదటి ఉతుకులో ఇంకొంత, అంచు మడిచి కుట్టడానికి మరికొంత పోతుంది. చీర అయిదు మూరలు తగ్గితే గొడవగానీ నాలుగు వేళ్లు తగ్గితే ఎవరూ కొలవరు. టేబుల్ క్లాత్‌కు మాత్రం కొనేవాడు ఉతికి ఆరేసి టేపు పెడతాడు.

రంగులు మూడు: ఇటుక ఎరుపు, నలుపు, తెలుపు. నిండా చౌకాలు, చౌకంలో చౌకం, చుట్టూ మెట్లు మెట్లుగా అంచు. పోచంపల్లి చీరల మీద కనబడే ఏనుగులు, చిలకలు ఇందులో ఎందుకు లేవని అడగండి. నేను కూడా మొదటిసారి వచ్చినప్పుడు అదే అడిగాను.

"ఏనుగు ఏస్తే ఇటు కూసున్నోనికి మంచిగ నడుస్తది. ఎదురుగ కూసున్నోనికి ఎల్లెలుకల పడతది," అని నవ్వాడు. "గిది చీర కాదు సార్. దీనికి కొంగు లేదు, కుచ్చిళ్లు లేవు. నలుగురు నాలుగు దిక్కుల కూసోని చూస్తరు."

ఆ మాట విన్నాక ఈ బట్టను నేను చూసే తీరే మారిపోయింది. చీరకు మొదలు ఉంది, చివర ఉంది, ఎటు పైకి ఎటు కిందికి అన్న తెలివి ఉంది. కట్టుకున్నాక సగం కుచ్చిళ్లలోకి పోతుంది, కొంత రవిక వెనక్కి పోతుంది, మనిషి నడుస్తుంటే అదీ కదులుతుంది. ఎక్కడో ఒక పువ్వు వేలెడంత పక్కకు జరిగినా దొరకదు. టేబుల్ క్లాత్ కదలదు. దీపం కింద చాపలా పరుచుకుని, అన్నం తినేంత సేపూ మనిషి కళ్ల ముందే ఉంటుంది. కూర వచ్చేదాకా ఏం తోచనివాడు వేలితో గీతలు లెక్కపెడతాడు కూడా.

ఇప్పుడు ఆ నిశ్శబ్దం సంగతి చూద్దాం. కాస్త ముందుకు వంగండి. నాడె వెళ్లింది, పేకపోగు పడింది. పన్నె దిగే ముందు అతని వేళ్లు అంచు దగ్గరికి పోయాయి చూశారా? పోగును ఇటు కొద్దిగా లాగాడు, అటు కొద్దిగా వదిలాడు. రంగు ముందే ఎక్కిన నూలు అది. ఎరుపు ఎక్కడ మొదలై తెలుపు ఎక్కడ తేలాలో ఆ పోగు మీద ఎప్పుడో రాసేసి ఉంది. కింది వరసలోని ఎరుపు కొసకు ఈ వరసలోని ఎరుపు కొస కలవాలి, అంతే పని. వెంట్రుకవాసి తేడాలు ఎలాగూ మిగులుతాయి. చౌకం అంచు ఈకలా రేగినట్టు కనబడేది అందుకే. ఆ రేగడమే చిటికి అందం అంటారు. వేలెడు జరిగితే మాత్రం అది అందం కాదు, పొరపాటు.

అంగుళానికి 40 పేకపోగుల చొప్పున వేసుకున్నా 90 అంగుళాలకు 3,600 పోగులు. ఒక్కోటి 60 అంగుళాలు. మొత్తం కలిపితే అయిదున్నర కిలోమీటర్లు. కొయ్యలగూడెంలో బయల్దేరిన నూలు పక్క ఊరి పొలిమేర దాకా పోతుంది. ఆ దూరమంతా అతను ఒక్కో అయిదు అడుగులకూ ఆగి, చూసి, సర్ది నడుస్తున్నాడన్నమాట.

పక్కన తాడుకు గుచ్చిన కండెలు చూడండి, దండలా ఉన్నాయి. వాటిని చెదరగొట్టకండి. ఆ వరసలోనే నాడెలోకి ఎక్కాలి. ఒకటి తారుమారైతే చౌకం నెత్తి దాని కాళ్ల దగ్గర తేలుతుంది. పిల్లలు ఆ దండ దగ్గరికి వస్తే ఈ ఇంట్లో తిట్లు పడేది అందుకే.

"మీరు గూడ ఒక్కపాలి గుంజుండ్రి," అంటాడు లేచి. వద్దనకండి. గుంతలోకి కాళ్లు దింపండి, కుడికాలి కింది చెక్క తొక్కండి. పడుగు రెండుగా విచ్చుకుంది కదా, ఆ సందులోంచే నాడె పోవాలి. తాడు లాగండి. అయ్యో, అంత గట్టిగానా! నాడె పెట్టె దాటి ఎగిరి గోడకు తగిలి, మంచినీళ్ల బిందె పక్కన పడింది. అతని భార్య వంటింట్లోంచే నవ్వింది. ఇదేం కొత్త కాదు, వచ్చినవాళ్లందరూ చేసేదే. తెగిన రెండు పడుగుపోగులను అతను ఉమ్మితో తడిపి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్క మెలి తిప్పి అతికించేశాడు. ముడి వేశాడా లేదా అన్నది నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

వెనక వసారాలోకి పదండి. గోడకు ఆనించి ఒక పాత కొయ్య సామాను ఉంది. అర్ధచంద్రంలా వంగిన చెక్క, దాని మీద వరసగా మేకులు, ఎదురుగా ఒంటరి మేకు. దాని పేరు ఆసు. రంగుకు ముందు పేక నూలును ఇక్కడ పోయాలి. ఒంటి మేకు నుంచి చెక్క మీది మేకుకు, అక్కణ్నుంచి మళ్లీ వెనక్కి. ప్రతి పోగుకూ చెయ్యి బారెడు దూరం వెళ్లి రావాలి. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు అని లెక్కగట్టారు. ఈ పని తరతరాలుగా ఆడవాళ్లది. మగ్గం మీద కూర్చున్నవాణ్ని నేతగాడు అన్నారు, భుజం అరిగేలా ఆసు పోసినామెను మాత్రం 'ఇంట్లో సాయం చేస్తది' అన్నారు.

అరుగు మీద కూర్చున్న పెద్దమ్మ కుడి చెయ్యి భుజం దాటి పైకి లేవదు. "దువ్వెన గూడ ఎడమచేత్తోనే బిడ్డా," అంటుంది, ఏదో ఊరి వార్త చెప్పినట్టు. ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం అనే కుర్రాడు తన తల్లి లక్ష్మి ఇలాగే భుజం నొప్పితో బాధపడటం చూసి ఆసు యంత్రం కోసం ఏళ్లకేళ్లు తంటాలు పడ్డాడు. 1999లో అది పని చేసింది. అమ్మ పేరే పెట్టాడు, లక్ష్మి ఆసు యంత్రం. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన కథ సినిమా అయింది. ఈ ఇంటికీ ఆ యంత్రం వచ్చింది. మూలన గిర్రున తిరుగుతున్నది అదే. అయితే పెద్దమ్మ భుజం అప్పటికే అరిగిపోయింది. పాత ఆసును ఎందుకు పారేయలేదంటే, "కరెంటు పోతే?" అని ఎదురు అడుగుతుంది.

ఆసు మీంచి తీసిన నూలును చట్రానికి బిగించి, గీతలు గీసి, కట్టు కడతారు. దేనితో అనుకున్నారు? సైకిల్ ట్యూబుతో. పాత ట్యూబును సన్నటి పట్టీలుగా కోసి, తెల్లగా మిగలాల్సిన చోటల్లా బిగించి చుడతారు. పెద్దమ్మ కోడలి వేళ్లు చూడండి, మాట్లాడుతూనే చుడుతోంది, పళ్లతో కొస పట్టి లాగి తెంపుతోంది. రబ్బరు రుచి నాలుకకు అలవాటైపోయిందట. ముందు లేత రంగులో ముంచాలి. ఆ రంగు నిలవాల్సిన చోట మళ్లీ కట్టాలి, అప్పుడు ముదురు రంగు. నలుపు అన్నిటికన్నా ఆఖరు. అన్నీ అయ్యాక కట్లు విప్పుతుంటే లోపలి తెలుపు, ఎరుపు ఒక్కొక్కటే బయటపడతాయి. అన్నేళ్లుగా చేస్తున్నవాళ్లు కూడా ఆ సమయంలో పని ఆపి ఒకసారి తొంగిచూస్తారు.

ఘాటుగా వాసన వస్తోంది కదా, పెరట్లో రంగు కాగు. వేడినీళ్లు, కాస్టిక్ సోడా, హైడ్రోస్. వాట్ రంగులు మామూలుగా నీళ్లలో కరగవు, ఈ మందులు పడితేనే లొంగుతాయి. నూలును ముంచి పైకి తీసినప్పుడు ఉండే రంగు ఒకటి, గాలి తగిలాక తేలే రంగు ఒకటి. ఖర్చూ ఎక్కువే, చేతులూ మండుతాయి. అయినా బల్ల మీద గుడ్డకు ఇవి తప్పవు. చీరను నీడన ఆరేసి, మడిచి, పండక్కి తీస్తారు. టేబుల్ క్లాత్ మీద సాంబారు ఒలుకుతుంది, మామిడికాయ కారం పడుతుంది, వారానికోసారి మిషన్‌లో తిరుగుతుంది.

చెయ్యి తుడుచుకోవడానికి నేతన్న భార్య, అదే మన వదిన, మీకు ఇచ్చిన గుడ్డ చూశారా? అదొక న్యాప్కిన్. తెల్లటి మధ్యభాగంలో గులాబి మబ్బులు కమ్మినట్టు లేదూ? కొన్నేళ్ల కింద ఒక పెద్ద ఆర్డరులో రంగు సరిగా కుదరక ఎరుపు తెలుపులోకి దిగింది. కొన్న వ్యాపారి సరుకంతా వెనక్కి పంపేశాడు. అప్పటి నుంచి ఈ ఇంట్లో మసిగుడ్డలన్నీ విదేశీ కొలతల న్యాప్కిన్లే. పరదేశానికి పోయే సరుకుకు ఇంకో తనిఖీ కూడా ఉంది. కొన్ని అజో రంగులు ఒంటికి హాని చేసే పదార్థాలుగా విడిపోతాయని 1994లో జర్మనీ వాటిని నిషేధించింది. ఆ దెబ్బకు మన దేశమంతా రంగుల డబ్బాల మీది పేర్లు చదవడం మొదలైంది.

నిజానికి ఈ నాలుగు దిక్కుల గుడ్డ ఈ నేలకు కొత్తదేమీ కాదు. చీరాల నుంచి అరబ్బు దేశాలకు ఓడల్లో పోయిన తేలియా రుమాలు కూడా చౌకమే, దానికీ కొంగు లేదు. నూలును నూనెలో, ఆముదం కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి, ఆరబెట్టి, మళ్లీ నానబెట్టి రంగేసేవాళ్లు. ఎరుపు, నలుపు, తెలుపు. నాలుగు వైపులా అంచు, మధ్యలో చౌకాలు. తలకు చుట్టుకుంటే ఎటు తిప్పినా అంచే కనబడాలి కదా. ఈ విద్య చీరాల నుంచే ఇటు వచ్చిందని ఇక్కడి పెద్దలు చెబుతారు. పుట్టపాకలో ఇంకా నేస్తున్నారు, 2020లో ఆ ఊరి తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఇవాళ ఈ మగ్గం మీది మూడు రంగులు చూస్తుంటే, తలపాగాగా ఓడెక్కిన గుడ్డే బల్ల మీదికి వచ్చి పడుకుందేమో అనిపిస్తుంది. ఇది నా ఊహే, నేతన్న ఒప్పుకోడు. "డిజైను పట్నం నుంచి ఫోన్‌ల వచ్చింది సార్," అంటాడు.

అన్నం వేళయింది. ముందుగదిలో డైనింగ్ టేబుల్ ఉంది, ఉండకేం. దాని మీద నూలు లడీలు, చిన్నవాడి లెక్కల పుస్తకాలు, ఇస్త్రీ పెట్టె, కరెంటు బిల్లు. తినేది కిందే, చాప మీద. టమాటా పప్పు, గోంగూర తొక్కు. తింటూ తింటూ ఆయన లేచి పోయి ఒక దుప్పటి తెచ్చి మీ ఒళ్లో వేస్తాడు. అచ్చం చిటికిలాగే ఉంది, చౌకాలు, మెట్ల అంచు, చివరికి ఆ ఈకలు రేగినట్టుండే అంచు కూడా. "తిప్పుండ్రి," అంటాడు. తిప్పితే వెనకవైపు వెలిసిపోయినట్టు పాలిపోయి ఉంది. మిల్లు బట్ట మీద అచ్చు వేసిన సరుకు అది. అసలు చిటికికి ముందూ వెనకా ఉండదు, రంగు పోగులోనే ఉంది కాబట్టి రెండు వైపులా ఒకటే. పొరపాటున జరిగిన అంచును కూడా మిషన్ ఎంత శ్రద్ధగా గీసిందో చూడండి. ఆ శ్రద్ధే నాకు ఒళ్లు మండిస్తుంది. ఆయనకు మాత్రం అంత కోపం లేదు. "గదాని ధరకు నాకు నూలు గూడ రాదు," అని పప్పు కలుపుకున్నాడు.

మధ్యాహ్నం ఇంకా పది అంగుళాలు మిగిలాయి. ఇప్పుడు అసలు చిక్కు. మొదట నేసిన అంచు ఎప్పుడో దోనెకు చుట్టుకుపోయి చీకట్లో ఉంది. చివరి అంచు నేస్తున్నప్పుడు దాన్ని చూడటానికి లేదు. మధ్య చౌకం కూడా లోపలే. మొత్తం గుడ్డ ఎలా ఉందో ఇప్పటిదాకా ఎవరూ చూడలేదు, నేసినవాడితో సహా. పొద్దున చెయ్యి ఒకలా దిగుతుంది, సాయంత్రం ఒకలా. దెబ్బ గట్టిగా పడితే పోగులు దగ్గర పడి చౌకం పొట్టిదవుతుంది, చెయ్యి అలిసిపోతే సాగుతుంది. ముసురు రోజు నేసింది వేరు, ఎండ రోజు నేసింది వేరు. మొదటి సగం నాలుగు రోజుల కిందటి చెయ్యి, రెండో సగం ఇవాళ్టిది. ఆ రెండు చేతులూ ఒకే మనిషివేనా అని బట్ట అడుగుతుంది.

అందుకే ఆయన దగ్గర ఒక వెదురుపుల్ల ఉంది, దాని మీద కత్తితో గాట్లు. ప్రతి చౌకానికీ ఒక గాటు. అడ్డంగా పెట్టి చూస్తాడు, ఏమీ అనడు, తర్వాతి నాలుగైదు దెబ్బలు కొంచెం మెత్తగా వేస్తాడు. మీ చెవికి ఆ తేడా తెలిసిందా? ఇందాకటికన్నా దడ్ కొంచెం బొంగురుగా ఉంది.

నాలుగున్నరకు ఆఖరి కండె అయిపోయింది. తర్వాతి బట్టకు అతుక్కోవడానికి జానెడు పడుగు వదిలి కత్తెర వేశాడు. దోనె మీంచి బట్ట గరగరమని విప్పుకుంటూ వస్తోంది. వదిన చేతులు కడుక్కుని వచ్చింది. ఇద్దరూ ముందుగదిలో నేల ఊడ్చి బట్ట పరిచారు. మీరు ఒక మూల పట్టుకోండి, నేను ఒకటి పట్టుకుంటాను.

మొదటిసారి అంతా ఒక్కచోట కనబడింది. ఎవరూ మాట్లాడలేదు. ఇప్పుడు మడత. అంచుకు అంచు పెట్టి సగానికి మడిచాం. అంచులు కలిశాయి. మళ్లీ అడ్డంగా. నాలుగు మూలలూ ఒకచోటికి వచ్చాయి. ఆయన వంగి, మడతను వేళ్లతో విప్పి లోపలికి చూశాడు. పైపొరలోని నల్లగీత, కిందిపొరలోని నల్లగీత ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి. మూడు చోట్ల కూర్చున్నాయి. నాలుగో చోట గీత పక్కన గీత, మధ్యన గోరంత తెలుపు.

"గది ఎవరికి కనబడతది," అంది వదిన.

ఆయన బట్ట మళ్లీ పరిచాడు. లేచి, చుట్టూ తిరిగి, అటు పక్కకు పోయి గొంతుకూర్చున్నాడు. అక్కణ్నుంచి చూశాడు.

"ఈడ కూసున్నోనికి కనబడతది."

కాసేపు అలాగే ఉండి, బట్ట మడిచి ఆమెకు ఇచ్చాడు. మగ్గం గదిలోకి పోయి వెదురుపుల్ల తీసి, ఏడో గాటు పక్కన కత్తితో ఇంకో సన్నటి గాటు పెట్టాడు. పెద్దమ్మ వసారాలోంచి కండెల కొత్త దండ పట్టుకొచ్చింది, ఎడమచేత్తో.